'యీల్డ్' క్రియ – అర్థం, ప్రయోగం: కొత్తగూడెం గని నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంగ్లంలోని 'యీల్డ్' అనే క్రియకు తెలుగు విద్యార్థి మొదట నేర్చుకొనే అర్థం 'లొంగిపోవు'. పంట, పెట్టుబడుల సందర్భంలో 'దిగుబడి', 'రాబడి' అనే అర్థాలు తరువాత చేరతాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో నిఘంటువు చెప్పదు, పాఠ్యపుస్తకం వివరించదు. అందువల్ల ఒకే పదం రెండు వేరు పదాలుగా విద్యార్థి మనసులో నిలిచిపోతుంది. సింగరేణి బొగ్గుగనుల కేంద్రమైన కొత్తగూడెంలో ఈ పదానికి మూడవ సందర్భం కూడా ఉంది. అది గని కప్పును మోసే ఆధారం తీరును తెలిపే సాంకేతిక ప్రయోగం. అక్కడ 'లొంగిపోవు' అనే అనువాదం అర్థాన్ని తారుమారు చేస్తుంది. ఈ క్రియకు మూలార్థం 'చెల్లించు, ఇచ్చు' అనీ, తెలుగులో 'ఇచ్చు' కేంద్రంగా బోధిస్తే మూడు సందర్భాలూ ఒక్క సూత్రంతో బోధపడతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యీల్డ్, లొంగు, దిగుబడి, దిగివచ్చు, సహాయక క్రియ, అనువాదం, సింగరేణి, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపుదిద్దుకొంది. నేడు దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. బొగ్గు తవ్వకంతో పాటు ఆంగ్ల పదజాలం కూడా ఈ ప్రాంతపు తెలుగులోకి వచ్చింది. షిఫ్టు, మస్టరు, టబ్బు, ఓవర్‌మన్, ప్రాపు వంటి నామవాచకాలు అక్షరం రాని కార్మికుని నోట కూడా సహజంగా పలికాయి. కంటికి కనిపించే వస్తువుకు పేరు కావడం వల్ల వాటి అర్థం విషయంలో చిక్కు రాలేదు.

క్రియల పరిస్థితి వేరు. క్రియ ఒక వస్తువును చూపదు. ఎవరు, ఎవరికి, ఏమి, ఎంతవరకు అనే సంబంధాన్ని చూపుతుంది. ఆ సంబంధం తెలియకుండా ఒక్క మాటకు ఒక్క మాట పెట్టి నేర్చుకొంటే, ఒక సందర్భంలో సరిపోయిన అర్థం మరొక సందర్భంలో అపార్థమవుతుంది. 'యీల్డ్' అందుకు మంచి ఉదాహరణ. కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన విద్యాసంస్థలో చదివే విద్యార్థికీ, ఆర్ట్స్ కళాశాలలో అనువాదం నేర్చుకొనే విద్యార్థికీ, గని భద్రతా సూచనలను తెలుగులో రాయవలసిన ఉద్యోగికీ ఈ పదం తారసపడుతుంది. ముగ్గురికీ కావలసిన అర్థం ఒకటి కాదు.

2. పద చరిత్ర: చెల్లింపు నుంచి లొంగుబాటు వరకు

'యీల్డ్' ప్రాచీన ఆంగ్లంలోని 'గీల్డన్' అనే క్రియ నుంచి వచ్చింది. దాని అర్థం 'చెల్లించు, బదులు తీర్చు'. జర్మన్ భాషలో డబ్బు అనే అర్థం ఇచ్చే 'గెల్ట్', విలువ కలిగి ఉండు అనే అర్థం ఇచ్చే 'గెల్టెన్' దీని సజాతీయాలు. అంటే ఈ కుటుంబపు పదాలన్నిటికీ మూలంలో ఉన్నది ఓటమి కాదు, చెల్లింపు.

చెల్లింపు అనే అర్థం రెండు దారుల్లో విస్తరించింది. భూమి తనపై పడిన శ్రమకు బదులుగా పంటను చెల్లిస్తుంది; ఇక్కడి నుంచి 'ఫలమిచ్చు, దిగుబడినిచ్చు' అనే అర్థం వచ్చింది. బలవంతుడు అడిగినదాన్ని బలహీనుడు చెల్లిస్తాడు; ఇక్కడి నుంచి 'వదులుకొను, లొంగు' అనే అర్థం వచ్చింది.

ఈ రెండవ పరిణామం తెలుగువారికి అపరిచితం కాదు. 'కప్పం కట్టు' అనే పలుకుబడిలో సరిగ్గా ఇదే ఉంది. మాటల అర్థం ధనం చెల్లించడమే. ప్రయోగంలో మాత్రం ఆధిపత్యాన్ని అంగీకరించడం. అయితే కప్పం కట్టిన సామంతుడు సర్వస్వం కోల్పోడు. కొంత ఇచ్చి మిగిలినదాన్ని నిలుపుకొంటాడు. 'యీల్డ్' అర్థఛాయల్లో ఈ 'కొంత ఇచ్చి నిలబడడం' ముఖ్యమైనది. 'లొంగిపోవు' అనే తెలుగు క్రియలో అది వినిపించదు. 'పోవు' అనే సహాయక క్రియ పని సంపూర్తి అయిందనీ, వెనుకకు మళ్ళదనీ సూచిస్తుంది.

3. వాక్యనిర్మాణం: అర్థాన్ని నిర్ణయించే విభక్తులు

'యీల్డ్' ఏ అర్థంలో ఉందో తెలుసుకోవడానికి దాని కర్త, కర్మ, దాని తరువాత వచ్చే 'టు' అనే విభక్త్యర్థకం ఆధారాలు. ప్రధానంగా నాలుగు నిర్మాణాలు కనిపిస్తాయి.

మొదటిది సకర్మక ప్రయోగం: కర్త ఒక మూలం, కర్మ ఒక ఫలం. 'ఈ పొలం ఎకరాకు ఇరవై అయిదు క్వింటాళ్ల వడ్లు యీల్డ్ చేస్తుంది' అనే ఆంగ్ల నిర్మాణంలో పొలం కర్త. తెలుగు సహజంగా ఈ వాక్యాన్ని తిప్పి చెబుతుంది: 'ఈ పొలంలో ఎకరాకు ఇరవై అయిదు క్వింటాళ్లు పండుతాయి.' మూలం అధికరణమవుతుంది, ఫలం కర్త అవుతుంది, క్రియ అకర్మకమవుతుంది. 'పరిశోధన కొత్త ఫలితాలను యీల్డ్ చేసింది' అన్నచోట కూడా 'పరిశోధన వల్ల కొత్త ఫలితాలు వచ్చాయి' అనడమే తెలుగు తీరు.

రెండవది అకర్మక ప్రయోగం, 'టు' తో కలిసి వచ్చేది. ఒత్తిడికి, వాదనకు, ప్రలోభానికి కర్త తావిస్తాడు. ఆంగ్లంలోని 'టు' కు తెలుగులోని 'కి, కు' విభక్తి చక్కగా సరిపోతుంది: 'ఒత్తిడికి లొంగాడు', 'మాటకు తలొగ్గాడు'. ఈ పోలిక సులువుగా కుదరడమే విద్యార్థి ఈ ఒక్క అర్థాన్నే పట్టుకొని ఉండిపోవడానికి కారణం కావచ్చు.

మూడవది సకర్మక ప్రయోగమే కాని, కర్మ ఫలం కాదు, హక్కు. దారి, స్థానం, మాట్లాడే వంతు వంటివాటిని ఇతరులకు ఇవ్వడం ఇక్కడి అర్థం. అమెరికాలోని తల్సా నగరంలో 1950లో తొలిసారిగా 'యీల్డ్' అనే రహదారి గుర్తును నిలిపారు. బ్రిటన్‌లో, భారతదేశంలో అదే భావానికి 'గివ్ వే' అనే మాట వాడుకలో ఉంది. తెలుగులో 'దారి ఇవ్వండి' అంటే చాలు. దారి ఇచ్చిన వాహనదారుడు ఓడిపోయినవాడు కాదు. ఒక్క క్షణం ఆగి, తరువాత తన దారిన తాను పోతాడు. చట్టసభల్లో ఒక సభ్యుడు 'యీల్డ్' చేయలేదంటే, తన ప్రసంగం మధ్యలో ఇతరులకు అవకాశం ఇవ్వలేదని అర్థం. దాన్ని 'లొంగలేదు' అని అనువదిస్తే సభామర్యాద కాస్తా యుద్ధమవుతుంది.

నాలుగవది అకర్మక ప్రయోగం, 'టు' అవసరం లేనిది. వస్తువు బరువుకు రూపం మార్చుకోవడం దీని అర్థం. ఇంజనీరింగ్ పాఠాల్లో, గని భద్రతలో కనిపించేది ఇదే.

ఈ భేదాలను తెలుగు వాడుక తనంతట తానే కొంతవరకు గుర్తించింది. ఆంగ్ల క్రియలు తెలుగులోకి నేరుగా క్రియలుగా రావు. నామాలుగా మారి ఇచ్చు, అవు, చేయు వంటి క్రియల అండతో నిలుస్తాయి. 'ఈ విత్తనం మంచి యీల్డ్ ఇస్తుంది' అన్నప్పుడు మొదటి అర్థం. 'ప్రాపు యీల్డ్ అయింది' అన్నప్పుడు నాలుగవ అర్థం. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కారు నడిపేటప్పుడు 'యీల్డ్ చెయ్యి' అన్నప్పుడు మూడవ అర్థం. ఆంగ్లంలో విభక్తి, కర్మలు చేసే పనిని తెలుగులో ఈ తోడు క్రియలు చేస్తున్నాయి. బోధనకు ఇది మంచి ఆధారం.

4. దిగుబడి, ఉత్పత్తి, రాబడి

తెలుగులో 'దిగుబడి' అనే మాట 'దిగు', 'పడు' అనే రెండు క్రియల కలయిక. 'రాబడి' లోని రెండవ భాగమూ అదే. 'లోబడు' లోనూ అదే. అంటే ఫలం రావడాన్ని చెప్పే మాటలూ, అధీనం కావడాన్ని చెప్పే మాటా తెలుగులో కూడా ఒకే 'పడు' తో ఏర్పడ్డాయి. ఆంగ్లంలో ఒకే పదంలో ఇమిడిన రెండర్థాల మధ్య బంధుత్వాన్ని వివరించడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది.

అయితే 'దిగుబడి' ప్రధానంగా వ్యవసాయ పదం. బొగ్గు విషయంలో ఎవరూ 'బొగ్గు దిగుబడి' అనరు. 'బొగ్గు ఉత్పత్తి' అంటారు. దీనికి హేతువుంది. ఉత్పత్తి మొత్తం పరిమాణాన్ని తెలుపుతుంది. దిగుబడి నిష్పత్తిని తెలుపుతుంది: ఎకరాకు ఎంత, విత్తిన గింజకు ఎంత, పెట్టిన పెట్టుబడికి ఎంత. ఆంగ్లంలోనూ గని నుంచి వెలువడిన మొత్తం బొగ్గుకు 'ప్రొడక్షన్', 'అవుట్‌పుట్' అనే మాటలే వాడతారు. బొగ్గును శుద్ధి చేసే వాషరీలో మాత్రం 'యీల్డ్' ప్రవేశిస్తుంది. ఉదాహరణకు వంద టన్నుల ముడిబొగ్గును కడిగితే డెబ్భై టన్నుల శుద్ధమైన బొగ్గు వస్తే అక్కడి యీల్డ్ 70 శాతం. ఇక్కడ 'దిగుబడి శాతం' అన్న అనువాదం సరిగ్గా అతుకుతుంది. బాండ్ల విషయంలోనూ అది పెట్టిన ధరకు వచ్చే ఆదాయపు నిష్పత్తే కనుక 'రాబడి' సరిపోతుంది. ఉత్పత్తి, యీల్డ్ పర్యాయపదాలని నేర్చుకొన్న విద్యార్థి ఈ తేడాను కోల్పోతాడు.

5. గని కప్పు కింద 'యీల్డ్'

భూగర్భగనిలో బొగ్గు తీసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. పైనున్న రాతిపొరల బరువు ఆ ఖాళీ మీదికి వంగుతుంది. ఈ పైభాగాన్ని గనిలో 'కప్పు' అంటారు. కప్పును మోయడానికి పూర్వం కర్ర ప్రాపులు నిలిపేవారు. తరువాత ఉక్కు ఆధారాలు, హైడ్రాలిక్ ప్రాపులు, రూఫ్ బోల్టులు వచ్చాయి. 1983లో సింగరేణిలో లాంగ్‌వాల్ పద్ధతి ప్రవేశించడంతో యంత్రచాలిత ఆధారాలు వాడుకలోకి వచ్చాయి. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గని ఈ పద్ధతిలో నడిచే పెద్ద ప్రాజెక్టు.

ఈ ఆధారాల పనితీరులోనే 'యీల్డ్' అనే మాట ఉంది. హైడ్రాలిక్ కాలును మొదట నిర్ణీత ఒత్తిడితో కప్పుకు ఆనించి నిలుపుతారు. కప్పు కిందికి ఒరిగే కొద్దీ కాలు లోపలి ద్రవం మీద ఒత్తిడి పెరుగుతుంది. అది ముందుగా నిర్ణయించిన హద్దుకు చేరగానే ఒక చిన్న కవాటం తెరుచుకొని కొద్దిగా ద్రవాన్ని విడుస్తుంది. కాలు కొంచెం కుదించుకొంటుంది, ఒత్తిడి హద్దులోకి వస్తుంది, కవాటం మూసుకొంటుంది. ఈ సమయమంతా ఆధారం బరువు మోస్తూనే ఉంటుంది. ఈ కవాటం పేరు 'యీల్డ్ వాల్వ్'. అది తెరుచుకొనే ఒత్తిడి 'యీల్డ్ ప్రెషర్'.

ఇప్పుడు 'సపోర్టు యీల్డ్ అయింది' అనే వాక్యాన్ని 'ఆధారం లొంగిపోయింది' అని అనువదిస్తే పాఠకునికి కలిగే భావం ఆధారం కూలిందని. నిజానికి జరిగింది దానికి విరుద్ధం. కూలకుండా ఉండడానికే ఆధారం కొంచెం దిగింది. ఏమాత్రం దిగని ఆధారం మీద బరువు పెరుగుతూ పోతే చివరికి అది ఒక్కసారిగా విరుగుతుంది. లేదా పైనున్న రాతిలోకో కింది నేలలోకో దిగబడుతుంది. దిగడం తెలిసిన ఆధారమే నిలుస్తుంది.

కర్ర ప్రాపుకు కూడా ఈ గుణం కొంత ఉంది. బరువు పెరిగినప్పుడు కర్ర నొక్కుకుపోతూ, చీలుతూ చప్పుడు చేస్తుంది. విరగడానికి ముందు వినిపించే ఆ చప్పుడు కింద పనిచేసేవారికి హెచ్చరిక. అందువల్ల ఈ సందర్భంలో నాలుగు దశలను నాలుగు మాటలతో వేరు చేయవలసి ఉంటుంది: బిగించి నిలపడం, బరువు మోయడం, బరువు మోస్తూనే కొంత దిగడం, కూలడం. మూడవది 'యీల్డ్', నాలుగవది 'ఫెయిల్' లేదా 'కొలాప్స్'. మూడింటికీ నాలుగింటికీ 'లొంగు' అన్న ఒకే మాట వాడితే, సూచన చదివిన కార్మికుడు అవసరం లేని చోట భయపడవచ్చు. అంతకంటే ప్రమాదకరమైనది, అవసరమైన చోట భయపడకపోవచ్చు.

ఉక్కు విషయంలోనూ ఇదే భేదం కనిపిస్తుంది. ఇల్లు కట్టేవారందరికీ తెలిసిన 'ఎఫ్‌ఈ 500' ఇనుప కడ్డీలో 500 అన్న అంకె, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో, ఆ కడ్డీకి ఉండవలసిన కనీస యీల్డ్ బలాన్ని తెలుపుతుంది. అది విరిగే హద్దు కాదు. అదే రకానికి భారతీయ ప్రమాణం కోరే కనీస తన్యబలం 545. మొదటి హద్దు దాటిన కడ్డీ సాగుతుంది, మళ్ళీ పూర్వపు రూపానికి పూర్తిగా రాదు, అయినా బరువు మోస్తూ ఉంటుంది. రెండవ హద్దు దాటితే తెగుతుంది. తెలుగులో వంగు, సాగు, కుంగు, విరుగు, తెగు, కూలు అనే క్రియలు ఈ దశలను ఎంతో స్పష్టంగా వేరు చేయగలవు. మనుషులకు వాడే 'లొంగు' ను లోహానికి అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

6. లొంగు, తలొగ్గు, దిగివచ్చు: మర్యాద భేదం

మనుషుల విషయానికి వస్తే 'యీల్డ్' కు తెలుగులో అనేక సమానార్థకాలు ఉన్నాయి. కాని అవి ఒకదాని స్థానంలో మరొకటి చెల్లవు. ఆంగ్ల క్రియ ఇరుపక్షాల హోదాను చెప్పదు. తెలుగు క్రియలు చెబుతాయి.

'కార్మికుల డిమాండుకు యాజమాన్యం దిగివచ్చింది' అంటాం. పైనున్నవాడే దిగుతాడు కనుక ఈ క్రియ కర్త ఆధిక్యాన్ని ముందే ఒప్పుకొంటుంది. 'యాజమాన్యం లొంగింది' అంటే కార్మికుల బలం ముందుకు వస్తుంది. 'తలొగ్గింది' అంటే అవమానం ధ్వనిస్తుంది. 'అంగీకరించింది' అంటే పోరాటమే కనిపించదు. ఒకే సంఘటనను నాలుగు పత్రికలు నాలుగు క్రియలతో రాస్తే నాలుగు రాజకీయ వైఖరులు వెలువడతాయి. 'దిగు' అనే క్రియ ఈ ప్రాంతంలో మరింత అర్థవంతం. కార్మికుడు బాయి దిగుతాడు, కప్పు కిందికి దిగుతుంది, యాజమాన్యం దిగివస్తుంది, పొలంలో దిగుబడి వస్తుంది.

తెలుగు నుంచి ఆంగ్లంలోకి అనువదించేటప్పుడు చిక్కు మరొక రూపంలో వస్తుంది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పాల్గొన్నారు. అటువంటి సమ్మె ముగిసినప్పుడు తెలుగులో 'విరమించారు' అంటారు. 'విరమించు' లో ఓటమి లేదు, గెలుపూ లేదు. చేస్తున్న పనిని తామే నిలపడం మాత్రమే ఉంది. దాన్ని 'యీల్డ్' తో అనువదిస్తే మూలంలో లేని పరాజయం అనువాదంలో చేరుతుంది.

ఇక 'లొంగిపోవు' అనే మాటకు నేటి వార్తల భాషలో ప్రత్యేకార్థం స్థిరపడింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వార్తల్లో 'లొంగుబాటు' అంటే సాయుధ దళ సభ్యులు పోలీసుల ఎదుట ఆయుధం విడవడం. ఆంగ్లంలో దానికి సరైన మాట 'సరెండర్', 'యీల్డ్' కాదు. రోజూ ఈ అర్థంలో వినే మాటనే 'యీల్డ్' కు సమానార్థకంగా నేర్చుకొన్న విద్యార్థికి, దారి ఇచ్చే వాహనమూ బరువు మోసే ప్రాపూ కూడా చేతులెత్తేసినట్లే తోస్తాయి.

7. సమీపార్థక క్రియలతో భేదం

'యీల్డ్' ను దాని ఇరుగుపొరుగు క్రియల పక్కన నిలిపి చూస్తే హద్దులు మరింత తేటపడతాయి. 'సబ్మిట్' లాటిన్‌లో 'కింద ఉంచు' అనే అర్థం నుంచి వచ్చింది. తెలుగు 'లోబడు' దానికి దగ్గర. 'రెలెంట్' కు మూలంలో మెత్తదనం ఉంది. 'మనసు మెత్తబడు' అనే తెలుగు పలుకుబడి దానికి అచ్చంగా సరిపోతుంది. 'సీడ్' అంటే తొలగడం; భూభాగాన్ని, హక్కును వదలుకోవడంలో దాన్ని వాడతారు. 'కెపిట్యులేట్' లో షరతులు రాసుకొని లొంగడం ఉంది. 'సరెండర్' లో పూర్తిగా అప్పగించడం ఉంది. ప్రభుత్వోద్యోగులు నిత్యం వాడే 'సరెండర్ లీవు' లో సంపాదించుకొన్న సెలవును అప్పగించి డబ్బు తీసుకొంటారు. అక్కడ లొంగుబాటు ఊసే లేదు.

'సకంబ్' ను ప్రత్యేకంగా గుర్తించాలి. దాని మూలార్థం 'కింద పడుకొను'. గని ప్రమాదాల వార్తల్లో గాయపడినవారు చికిత్స పొందుతూ మరణిస్తే ఆంగ్లంలో ఈ క్రియ వాడతారు. ఆ స్థానంలో 'యీల్డ్' చెల్లదు. తెలుగులో 'గాయాలకు లొంగిపోయాడు' అనడమూ చెల్లదు. 'చికిత్స పొందుతూ మరణించాడు' అంటాం. మృత్యువు ముందు మనిషిని ఓడినవానిగా చూపకపోవడం తెలుగు వార్తా భాష పాటించే మర్యాద.

8. బోధనకు కొన్ని సూచనలు

ఈ పరిశీలన ఆధారంగా తరగతిగదిలో 'యీల్డ్' ను నాలుగు ప్రశ్నలతో బోధించవచ్చు. ఎవరు ఇస్తున్నారు? ఏమి ఇస్తున్నారు? ఎవరికి, లేదా దేనికి ఇస్తున్నారు? ఇచ్చిన తరువాత ఇచ్చినవారి వద్ద ఏమి మిగిలింది? పొలం పంటను ఇస్తుంది, పొలం మిగులుతుంది. వాహనదారుడు దారిని ఇస్తాడు, ప్రయాణం మిగులుతుంది. ప్రాపు కొంత ఎత్తును ఇస్తుంది, మోసే శక్తి మిగులుతుంది. కోట అప్పగించిన సైన్యం వద్ద మాత్రం మిగిలేది అత్యల్పం. అక్కడే 'లొంగిపోవు' తగిన అనువాదం. నాలుగవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తెలుగు క్రియను ఎంచుకోవాలి.

విద్యార్థులకు అర్థాల పట్టిక కంఠస్థం చేయించడం కంటే, వాక్యాలిచ్చి తోడు క్రియను ఎంచుకోమనడం మేలు. యీల్డ్ ఇచ్చిందా, అయిందా, చేశాడా అన్న ప్రశ్నకు వారి తెలుగు చెవి చెప్పే సమాధానం చాలావరకు సరైన అర్థానికే దారి తీస్తుంది.

గని భద్రతా రచనల్లో 'యీల్డ్' ను ఒక్క మాటలోనే అనువదించాలనే పట్టుదల అవసరం లేదు. 'బరువు మోస్తూనే కొంత దిగే ఆధారం' అని విడమరచి రాయడం, అవసరమైతే 'యీల్డ్ వాల్వ్' వంటి యంత్రభాగాల పేర్లను యథాతథంగా ఉంచడం సురక్షితం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటం రైతుల నోటి మాటలను సేకరించి శాస్త్రీయ స్థానం కల్పించింది. గని కార్మికుల పలుకుబడులను అదే శ్రద్ధతో సేకరిస్తే, బరువుకు దిగడం, కుంగడం, పగలడం, కూలడం వంటి దశలకు నిపుణులు కొత్తగా సృష్టించే పదాలకంటే నమ్మదగిన పదాలు దొరికే అవకాశం ఉంది. కప్పు కింద జీవితకాలం గడిపిన తరం విశ్రాంతి తీసుకొంటున్న ఈ సమయంలో ఆ సేకరణ ఆలస్యం కాకూడదు.

9. ముగింపు

'యీల్డ్' క్రియకు మూలంలో ఉన్నది చెల్లింపు. ఫలమివ్వడం, దారి ఇవ్వడం, ఒత్తిడికి తావివ్వడం, బరువు మోస్తూ కొంత దిగడం అనే నాలుగు ప్రయోగాలూ ఆ మూలం నుంచి విస్తరించినవే. తెలుగులో 'లొంగిపోవు' వీటిలో ఒకదానికే, అదీ కొన్ని సందర్భాల్లోనే, సరిపోతుంది. 'ఇచ్చు' అనే క్రియను కేంద్రంగా తీసుకొని, కర్త, కర్మ, విభక్తుల ఆధారంగా అర్థాన్ని నిర్ణయిస్తే అనువాదంలో స్పష్టత వస్తుంది. సాహిత్యానువాదంలో ఈ పొరపాటు వల్ల ఒక పాత్ర స్వభావం మారవచ్చు. వార్తానువాదంలో ఒక ఉద్యమపు గౌరవం మారవచ్చు. గని సూచనలో ఒక మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చు. కాబట్టి ఆంగ్ల క్రియల బోధన తెలుగు శాఖకు సంబంధించని విషయమని భావించడం తగదు. ఆ క్రియ తెలుగులో ఎక్కడ ఏ రూపం తీసుకొంటుందో చెప్పవలసిన బాధ్యత తెలుగు అధ్యాపకులదే.